దేవుడు ‘వెలుగూ కాదు, చీకటీ కాదు’ అంటే ఇక మిగిలేది ఏమిటి? తొలి క్రైస్తవుల ‘కాదనే దారి’ గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. దాదాపు క్రీ.శ. 500 నాటి, డియోనీసియస్ పేరుతో ఉన్న ‘మార్మిక దైవశాస్త్రం’ అనే చిన్న క్రైస్తవ పుస్తకం చదివారు. చివరి అధ్యాయంలో దేవుడు ఆత్మ కాదు, మనస్సు కాదు, వెలుగు కాదు, చీకటి కాదు, చివరికి తండ్రితనం కూడా కాదు అని రచయిత వరసగా కొట్టేసుకుంటూ పోయాడు. అది చూసి ‘ఇక మిగిలేది ఏమిటి’ అన్నారు, దాంతో మీకు మూడు సందేహాలు వచ్చాయి. ఇది నాస్తికత్వానికే ఇంకో పేరా? దీన్ని నిజంగా ఎవరైనా సాధన చేశారా, చేస్తే ఎలా? మన ఉపనిషత్తుల ‘నేతి నేతి’ (ఇది కాదు, ఇది కాదు) కూడా ఇదేనా?

సూటిగా చెప్తాను. నాస్తికత్వం కాదు. సాధన చేశారు, ఎలా చేశారో రాసి కూడా పెట్టారు. ‘నేతి నేతి’కి దగ్గరగా వస్తుంది కానీ చేరే చోటు వేరు. అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: ఈ దారిలో కాదనడం మొదటి అడుగు కాదు, దాదాపు చివరిది. ముందు నోరారా అవునన్నవాళ్లు మాత్రమే తర్వాత కాదనగలరు. ఆ కాదనడానికీ ఒక వరస ఉంది. ఆ వరస పూర్తయ్యాక కాదనడాన్ని కూడా వదిలేయాలి. ఇదంతా కీర్తనలు పాడుతూ, ఉపవాసం ఉంటూ, కోపాన్ని అదుపులో పెట్టుకుంటూ సంఘంలో బతికే మనిషి చేసే పని. ఆ పుస్తకంలో ఉన్నవి 5 అధ్యాయాలే. ఐదోదాన్ని విడిగా చదివితే ఎవరికైనా మీకొచ్చిన అనుమానమే వస్తుంది.

ఒక్కసారి వెనక్కి తిప్పి మొదటి పేజీ చూడండి. పుస్తకం మొదలయ్యేదే త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న ఒకే దేవునికి, చేసిన ప్రార్థనతో. ‘మమ్మల్ని నడిపించు’ అని అడిగిన మనిషే నాలుగు అధ్యాయాల తర్వాత తండ్రితనం కాదంటున్నాడు. ఎవరూ లేరని తేల్చుకున్నవాడు ఎవరిని నడిపించమంటాడు? కాబట్టి అక్కడ ‘కాదు’ అన్న మాట చేస్తున్న పని వేరు. అదేమిటో చూద్దాం.

గ్రీకులో ఈ రెండు దారులకు రెండు మాటలున్నాయి. కటాఫాసిస్ అంటే అవునని చెప్పడం, అపోఫాసిస్ అంటే కాదని చెప్పడం. డియోనీసియస్ ఈ రెంటినీ ఒకే కొండకు దిగే దారిగా, ఎక్కే దారిగా చూస్తాడు. మూడో అధ్యాయంలో తన మిగతా పుస్తకాలను తానే వరసగా చెప్తాడు. ఒకదాంట్లో త్రిత్వం, మానవావతారం గురించి, ‘దివ్య నామాలు’లో మంచితనం, ఉనికి, జీవం, జ్ఞానం లాంటి పేర్ల గురించి, ఇంకోదాంట్లో దేవునికి చేతులు, కళ్లు, కోపం, నిద్ర ఉన్నట్టు లేఖనాలు వాడిన బొమ్మల గురించి రాశానంటాడు. వీటిలో మనకు దొరికింది ‘దివ్య నామాలు’ ఒక్కటే, అది 13 అధ్యాయాలు. కిందికి దిగేకొద్దీ మాటలు పెరుగుతాయి, పైకి ఎక్కేకొద్దీ తగ్గుతాయి, శిఖరం దగ్గర మౌనమే మిగులుతుంది అని వివరిస్తాడు. మీరు చదివింది ఎక్కే దారిలో ఆఖరి మలుపు. దిగే దారి నడవనివాడికి అది అర్థం కాదు.

ఇక వరస. అవుననేటప్పుడు పైనుంచి మొదలుపెట్టాలి: దేవుడు మంచివాడు, ఉన్నవాడు, జీవం, జ్ఞానం. ఇవి ఆయనకు దగ్గరి మాటలు. రాయి, గాలి అనేవి దూరపు మాటలు. కాదనేటప్పుడు కిందినుంచి మొదలుపెట్టాలి. దేవునికి మత్తు, కోపం లేవనడం సులువు, అందులో పొరపాటు పడేది తక్కువ. దేవుణ్ణి మాటతో చెప్పలేం, ఆలోచనతో పట్టలేం అనడం అంతకంటే కష్టం. అందుకే నాలుగో అధ్యాయంలో ఇంద్రియాలకు తెలిసేవాటిని తీసేస్తాడు: శరీరం, ఆకారం, బరువు, చోటు, మార్పు. ఐదో అధ్యాయంలోనే మనసుకు తెలిసేవాటిని ముట్టుకుంటాడు: ఆత్మ, బుద్ధి, సంఖ్య, క్రమం, పెద్దతనం, చిన్నతనం, ఒక్కటిగా ఉండటం, మంచితనం. దూరంగా ఉన్నదాన్ని ముందు, దగ్గరగా ఉన్నదాన్ని చివర. ఈ వరస తప్పి మొదటిరోజే ‘దేవుడు మంచివాడు కాదు’ అని మొదలుపెట్టిన మనిషికి చేతికొచ్చేది చెడ్డ దేవుడో, ఖాళీయో.

రెండో అధ్యాయంలో ఆయన శిల్పిని ఉదాహరణగా తీసుకుంటాడు. శిల్పి రాతికి ఏమీ చేర్చడు, అడ్డుగా ఉన్న రాతిని తీసేస్తాడు, లోపల దాగిన రూపం బయటపడుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఉలి దెబ్బ తగిలేది మన ఊహ అనే రాతికే, దేవునికి కాదు.

ఇంకో సూక్ష్మం ఉంది, చాలామంది జారేది ఇక్కడే. ‘లేదు’ అనే మాట రెండు రకాలుగా పనిచేస్తుంది. గుడ్డివాడికి చూపు లేదంటే ఉండాల్సింది లేదని అర్థం. దేవునికి బుద్ధి లేదంటే డియోనీసియస్ దృష్టిలో బుద్ధి అనే గిన్నెలో ఆయన పట్టడని అర్థం. ‘దివ్య నామాలు’ ఏడో అధ్యాయంలో ఇది తేటగా రాశాడు: ఇలాంటి మాటలను దేవుని విషయంలో లోటుగా కాకుండా మిక్కిలితనంగా తీసుకోవాలి. అందుకే ‘మార్మిక దైవశాస్త్రం’ మొదటి అధ్యాయంలోనే, కాదనడం అవుననడానికి విరుద్ధమని అనుకోవద్దని హెచ్చరిస్తాడు. చిట్టచివరి వాక్యంలో దేవుడు ప్రతి ‘అవును’కూ అవతల, ప్రతి ‘కాదు’కూ అవతల అని ముగిస్తాడు. అంటే ‘కాదు’ను కూడా అక్కడ వదిలేశాడు. మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఆ వాక్యంలో ఉంది. దేవుడు లేడనడం కూడా దేవుని గురించి గట్టిగా చెప్పిన ఒక మాటే. ఆ మాటకు కూడా ఈ దారిలో చోటు లేదు.

లేఖనాల్లో ఉన్న మొరటు పోలికలను ఆయన వెనకేసుకొచ్చే తీరు నాకు చాలా ఇష్టం. దేవుణ్ణి వెలుగనో బంగారమనో అంటే వినేవాడు నిజంగానే మెరిసే ఆకారాన్ని ఊహించుకుని అక్కడే ఆగిపోతాడు. ‘నేను నరుడను కాను, పురుగును’ అనే 22వ కీర్తన మాటను క్రీస్తుకు వర్తింపజేసినప్పుడు, దేవుడు అచ్చంగా పురుగు అని ఎవరూ అనుకోరు. అందుకే తక్కువ పోలికే మేలు, అది మనసును పైకి నెడుతుంది అంటాడు తన మరో పుస్తకం ‘పరలోక శ్రేణి’ రెండో అధ్యాయంలో. బైబిలు చదువుతూ ఇలాంటి చోట ఇబ్బంది పడేవాళ్లకు ఇది పనికొచ్చే సూత్రం.

ఈ రచయిత ఎవరన్నది కూడా కొంచెం తెలియాలి, ఎందుకంటే పుస్తకం మీద ఉన్న పేరు తప్పుదారి పట్టిస్తుంది. అపొస్తలుల కార్యములు 17:34లో పౌలు మాట విని ఏథెన్సులో నమ్మిన డియోనీసియస్ కనిపిస్తాడు. ఆ పేరు పెట్టుకుని రాసిన ఈయన దాదాపు క్రీ.శ. 500 ప్రాంతంలో, బహుశా సిరియాలో ఉన్నవాడు. క్రీ.శ. 485లో చనిపోయిన ప్రోక్లస్ అనే ఏథెన్సు తత్త్వవేత్త నుంచి భాగాలకు భాగాలే తీసుకున్నాడని 1895లో కోఖ్, స్టిగ్ల్‌మయర్ అనే ఇద్దరు జర్మన్ పండితులు విడివిడిగా నిరూపించారు. ఈ రచనల ప్రస్తావన సిద్ధాంత వాదనల్లో గట్టిగా వినబడింది 532లో, కాన్‌స్టాంటినోపుల్‌లో. అక్కడే ఎఫెసు బిషప్ హైపేషియస్ వీటి ప్రామాణ్యాన్ని శంకించాడు కూడా. పేరు అరువుదైనా ఆయన చెప్పింది ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే మూడు వందల ఏళ్లకు పైగా క్రైస్తవుల్లో నడుస్తున్న దారి. ఆ దారినే ఇప్పుడు మొదటినుంచి చూద్దాం.

క్రీ.శ. 2వ శతాబ్దంలోనే రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, ‘తండ్రి, దేవుడు, సృష్టికర్త, ప్రభువు’ అనేవి అసలు పేర్లు కావు, ఆయన చేసిన మేళ్లను బట్టి మనం పిలుచుకునే పిలుపులు అని రాశాడు. అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే క్రైస్తవ ఉపాధ్యాయుడు తన ‘స్ట్రోమటా’ ఐదో పుస్తకంలో దీన్ని అభ్యాసంగానే ఇచ్చాడు. అది రేఖాగణితం నుంచి వచ్చింది. ఒక వస్తువును మనసులో పెట్టుకోండి. దాని లోతు తీసేయండి, వెడల్పు తీసేయండి, పొడవు తీసేయండి. మిగిలేది ఒక చోట ఉన్న బిందువు. ఆ ‘చోట’ను కూడా తీసేస్తే ఒంటరి ఏకం అన్న ఊహ మాత్రం ఉంటుంది. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. క్లెమెంట్ ఇక్కడ ఆగడు. ఇప్పుడు క్రీస్తు మహత్తులోకి మనల్ని మనం వేసుకోవాలి, అక్కడినుంచి పవిత్రతతో అగాధంలోకి సాగాలి, అప్పుడు సర్వశక్తుడు ఏమిటో కాకపోయినా ఏమి కాడో కొంత తెలుస్తుంది అంటాడు. తీసివేత అన్నది మనిషి చేసే పని. దూకడానికి మాత్రం ఒకరు పట్టుకోవాలి. ఆ రెండు సగాల్లో ఒకటే తీసుకుంటే మీ చేతిలో మిగిలేది లెక్క.

4వ శతాబ్దంలో ఈ దారి గొడవల్లోకి వచ్చింది, ఆ గొడవ తెలియకపోతే అందరూ ఇంత పట్టుగా ఎందుకు మాట్లాడారో బోధపడదు. సిజికస్ బిషప్ యునోమియస్, దేవుని స్వభావాన్ని ఒక్క మాటలో చెప్పేయొచ్చన్నాడు: ‘పుట్టనివాడు’. తండ్రి స్వభావం పుట్టనితనమైతే, పుట్టిన కుమారుడు, అంటే క్రీస్తు, ఆ స్వభావం కాదని అతని వాదన. ఇక్కడ చూడండి, అతను పట్టుకున్నది కూడా ‘కాదు’ అనే మాటే. కాదన్న మాటే విగ్రహమైపోవచ్చు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అతనికి జవాబిచ్చిన బిషప్ బాసిల్ తన 234వ ఉత్తరంలో చెప్పిన మాట నేటికీ నిలిచింది: దేవుణ్ణి ఆయన చేసే పనుల వల్ల తెలుసుకుంటాం, ఆయన స్వభావాన్ని చేరుకున్నామని అనం, ఆయన క్రియలు మన దాకా దిగివస్తాయి, స్వభావం చేరరానిదిగానే ఉంటుంది. బాసిల్ ఉత్తరాల్లో చేరిపోయిన మరో భాగం ఆయన తమ్ముడు గ్రెగొరీ రాసిందని ఇప్పటి పండితులు అంటారు. అందులో, ఉన్నవాటన్నిటి స్వభావం తెలుసని చెప్పేవాడు ముందు చీమ స్వభావం ఏమిటో చెప్పమని అడుగుతాడు. దానికి ఎముకలున్నాయా, ఊపిరి తీస్తుందా? చీమే అందనివాడికి దేవుడు అందుతాడా?

అయితే వీళ్లు కాదనడంతో సరిపెట్టుకోవడాన్ని కూడా ఒప్పుకోలేదు. బాసిల్ స్నేహితుడు, నజియాంజస్ గ్రెగొరీ, 380లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒక లెక్క చెప్పాడు. రెండు అయిదులు ఎంత అని అడిగితే ‘రెండు కాదు, మూడు కాదు, ఇరవై కాదు, ముప్పై కాదు’ అంటూ పోయి పది అని మాత్రం చెప్పనివాడు అడిగినవాడికి ఏం నేర్పినట్టు? దేవుడు శరీరం లేనివాడు, మొదలు లేనివాడు అన్నంత మాత్రాన పని అయిపోలేదు, ఆయన ఏమిటో కూడా వెతకాలి అని ఆయన ఉద్దేశం. ‘ఎలాగూ తెలియదు కదా’ అని చదువు, ప్రార్థన మానేసేవాళ్లకు ఇది మందు.

ఇప్పుడు అసలు మ్యాపు. నిస్సా గ్రెగొరీ, అంటే పైన చెప్పిన బాసిల్ తమ్ముడు, 390ల ప్రాంతంలో ‘మోషే జీవితం’ రాశాడు. బైబిలు నిర్గమకాండంలో ప్రవక్త మోషే దేవుణ్ణి ఎదుర్కొన్న ఘట్టాలను మెట్లుగా చూపిస్తాడు. మొదట మండుచున్న పొద, అంటే వెలుగు. ఇక్కడ చెప్పులు విడవాలి. అబద్ధానికీ ఉన్నదానికీ తేడా తెలుసుకోవడం ఈ మెట్టు పని. తర్వాత మేఘం: కళ్లకు కనిపించేవి నెమ్మదిగా మరుగవుతాయి. తర్వాత 20:21లో మన తెలుగు బైబిలు ‘గాఢాంధకారము’ అన్నది. వెలుగులో మొదలైనవాడు చీకట్లోకి వెళ్లడమేమిటి అని గ్రెగొరీయే ప్రశ్న వేసుకుని, వెతుకుతున్నది అన్ని తెలివిడులనూ దాటిందని తెలియడమే ఆ చీకటి అంటాడు; చూడకపోవడంలోనే చూడటం అక్కడ జరుగుతుంది. దేవుని గురించి మనం కట్టుకునే ప్రతి భావనా దేవుని స్థానంలో నిలబెట్టిన విగ్రహమవుతుందన్న మాట కూడా ఆ చోటే ఉంది.

మీరు ‘మిగిలేది ఏమిటి’ అన్నారు కదా, గ్రెగొరీ ఇచ్చే జవాబు ఆ తర్వాతి పేజీల్లో ఉంది. చాలామంది చీకటి దగ్గర పుస్తకం మూసేస్తారు. మోషే మూయలేదు. ఆ చీకటి లోపల అతనికి చేతులతో చేయని గుడారం కనిపించింది. అది క్రీస్తే అంటాడు గ్రెగొరీ. ఆ తర్వాత 33వ అధ్యాయంలో మోషే ఇంకా చూపించమని అడుగుతాడు. దేవుడు అతన్ని బండసందులో నిలబెట్టి, ముఖం కాకుండా వెనుకపార్శ్వాన్ని చూపిస్తాడు. ఇక్కడ గ్రెగొరీ చేసిన వ్యాఖ్య చాలా ఆచరణకు దగ్గరిది. దారి తెలియనివాడు దారి చూపేవాడి వెనక నడుస్తాడు, అతనికి కనిపించేది వీపే. ముఖం కనిపిస్తోందంటే ఎదురు దిక్కులో నడుస్తున్నట్టు. కాబట్టి దేవుణ్ణి చూడటమంటే ఆయన ఎటు తీసుకెళ్తే అటు వెంట నడవడం. బండ ఎందుకంటే, ఇసుక దిబ్బ ఎక్కేవాడు ఎంత కష్టపడి అడుగు వేసినా కాలి కింద ఇసుక జారి ఉన్నచోటే ఉంటాడు. కాళ్లకు ఊతంగా క్రీస్తు అనే బండ ఉన్నవాడే నిలబడి ముందుకు పోతాడు. ఈ నడకకు అంతు లేదని కూడా ఆయన చెప్తాడు. ఫిలిప్పీయులకు 3వ అధ్యాయంలో పౌలు వెనకున్నవి మరచి ముందున్నవాటికోసం సాగిపోతున్నాను అన్న మాటనుంచి దీనికి ఎపెక్టాసిస్ అనే పేరు వచ్చింది. దేవుడు అనంతుడైతే ఆయన మీద కోరిక తీరిపోయే రోజు రాదు, రాకపోవడమే చూడటం.

సాధన రోజువారీగా ఎలా ఉండేది? దీనికి డియోనీసియస్ కంటే ఎవాగ్రియస్ అనే సన్యాసి దగ్గరికి వెళ్లాలి. ఈయన 345 నుంచి 399 దాకా బతికాడు, చివరి 15 ఏళ్ల పైచిలుకు ఈజిప్టు ఎడారిలో నిట్రియా, కెల్లియా అనే సన్యాసుల స్థావరాల్లో గడిపాడు. ‘ప్రార్థన గురించి’ అనే పుస్తకంలో 153 చిన్న పేరాలున్నాయి. యోహాను 21:11లో వలలో పడిన 153 చేపల లెక్క అది. ప్రార్థన అంటే తలపులను పక్కన పెట్టడం, ప్రార్థించేటప్పుడు దేవుని రూపం ఏదీ లోపల కట్టుకోవద్దు, ఏ ఆకారపు ముద్రనూ మనసు మీద పడనివ్వద్దు అని అందులో ఉంది. కాదనే దారి ప్రార్థనగా మారితే ఇలా ఉంటుంది.

అయితే అక్కడికి వెళ్లడానికి ముందు ఆయన పెట్టే షరతులు చాలా నేల మీదివి. ఎనిమిది రకాల తలపులను గుర్తుపట్టాలి: తిండి, కామం, డబ్బాశ, దిగులు, కోపం, నిర్వేదం, పేరు కోసం పాకులాట, గర్వం. ఒక్కొక్క తలపు వచ్చినప్పుడు ఎదురుగా పలకడానికి లేఖన వాక్యాలను 8 భాగాలుగా, దాదాపు 500 దాకా ఒక పుస్తకంలో చేర్చాడు. నిర్వేదం గురించి ఆయన రాసింది చదివితే గడియారం చూసి రాశాడా అనిపిస్తుంది. పగలు నాలుగో గంటకు, అంటే మన లెక్కలో ఉదయం 10కి పట్టుకుంటుంది, 2 దాకా వదలదు. సూర్యుడు కదలడం లేదనిపిస్తుంది, పగలు 50 గంటలున్నట్టు ఉంటుంది, మనిషి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, భోజనానికి వేళయిందా అని మధ్యాహ్నం 3 కోసం ఎదురుచూస్తాడు. దానికి వైద్యం ఒక్కటే, గది విడిచి వెళ్లకపోవడం.

అన్నిటికంటే పెద్ద అడ్డు కోపం అని ఆయన తీర్మానం. నీకు అన్యాయం చేసిన సహోదరుడి మీద పగ తీర్చుకోవడానికి ఏం చేసినా, ప్రార్థన వేళకు అదే నీ కాళ్లకు అడ్డుపడుతుంది అంటాడు. ఎందుకంటే కోపంగా ఉన్న మనసు ఊరికే ఉండదు, ఎదుటివాడి ముఖాన్ని మళ్లీమళ్లీ గీసుకుంటుంది. రూపాలు గీసే మనసు రూపం లేనివాణ్ణి ప్రార్థించలేదు. మనసులో దేవుని బొమ్మను తీసేయడం కంటే శత్రువు బొమ్మను తీసేయడం ముందు జరగాలి. ఈ ఒక్క విషయం ఎవాగ్రియస్‌లో పట్టుబడితే ‘మార్మిక దైవశాస్త్రం’ ఐదో అధ్యాయం సగం అర్థమైనట్టే.

గుణం కనిపిస్తోందో లేదో చూసుకోవడానికి ఆయన ఇచ్చిన గుర్తులు కూడా ఉన్నాయి: కలలో వచ్చే దృశ్యాలకు మనసు కలత పడదు, వస్తువులను ప్రశాంతంగా చూస్తుంది, తన సహజమైన వెలుగును తాను చూడటం మొదలుపెడుతుంది. ఆ వెలుగు నీలమణి రంగులో ఉంటుందంటాడు, నిర్గమకాండము 24:10లో దేవుని పాదాల కింద ఉన్న నీలమణి లాగా. దీన్ని పట్టుకుని కొందరు వెలుగుల కోసం వెతకడం మొదలుపెడతారు. అది సరిగ్గా తలకిందులైన పని. ప్రార్థనలో దేవుడో దేవదూతో ఆకారంతో కనబడాలని కోరుకోవద్దని, అది పేరు కోసం పాకులాట పన్నిన ఉచ్చని, మతి చెడే ప్రమాదం ఉందని ఆ పుస్తకంలోనే ఆయన హెచ్చరించాడు.

ఈ దారిలో జరిగిన నిజమైన నష్టం ఒకటి చెప్పాలి. 399లో అలెగ్జాండ్రియా బిషప్ థియోఫిలస్, దేవునికి మనిషి ఆకారం లేదని ఉత్తరం పంపాడు. ఎడారిలో సెరాపియన్ అనే ముసలి సన్యాసి ఏళ్ల తరబడి దేవుణ్ణి మనిషి రూపంలో ఊహించుకునే ప్రార్థించాడు. వాదన విని తప్పు ఒప్పుకున్నాడు. తర్వాత అందరితో కలిసి ప్రార్థనకు నిలబడితే, ఎన్నాళ్లుగానో అలవాటైన ఆ రూపం మనసులో లేదు. నేల మీద పడి ఏడుస్తూ, నా దేవుణ్ణి నా దగ్గరనుంచి తీసుకుపోయారు, ఇప్పుడు ఎవరిని పట్టుకోను, ఎవరికి మొక్కను అన్నాడు. దీన్ని రాసిన కాసియన్ అనే సన్యాసి అప్పట్లో ఈజిప్టులో ఉన్నవాడే. సిద్ధాంతం ప్రకారం సెరాపియన్‌ను సరిదిద్దినవాళ్లు చెప్పింది ఒప్పే. కానీ చేతిలోది లాక్కుని ఏమీ ఇవ్వకుండా వదిలేశారు. ఇతరుల ఊహలను సరిచేయాలని ఉత్సాహపడేవాళ్లు ఈ కథను రెండుసార్లు చదవాలి.

కాసియన్ ఈ సంగతి చెప్పి వదిలేయలేదు. ఆ వెంటనే అబ్బా ఇసాకు అనే పెద్దాయనను, మరి దేవుణ్ణి మనసులో ఎలా నిలుపుకోవాలి అని అడుగుతారు. ఆయన ఇచ్చినది 70వ కీర్తన మొదటి వచనం: దేవా, నన్ను ఆదుకో, ప్రభువా, త్వరగా సహాయానికి రా. దీన్ని నిద్ర లేచినప్పుడు, పనిలో, తిండి దగ్గర, నిద్రలోకి జారేటప్పుడు, శోధన వచ్చినప్పుడు, శోధన పోయినప్పుడు కూడా విడవకుండా అనాలి. ఆలోచించి చూడండి, ఎంత చక్కటి పరిష్కారమో. ఆ వచనంలో దేవుని వర్ణన ఏదీ లేదు. పిలుపు మాత్రం ఉంది. రూపం తీసేసిన చోట పిలుపును పెట్టాడు. మిగిలేది ఏమిటన్న మీ ప్రశ్నకు నేను ఒక్క మాటే చెప్పాలంటే, అదే: పిలుపు. వర్ణన పోయినా సంబోధన పోదు.

డియోనీసియస్ కూడా ‘దివ్య నామాలు’ మూడో అధ్యాయంలో ప్రార్థన గురించి ఇదే దిశలో ఒక పోలిక చెప్పాడు. పడవలో ఉన్నవాళ్లకు ఒడ్డున ఉన్న బండకు కట్టిన తాడు అందింది. వాళ్లు ఆ తాడును లాగుతారు. బండ వాళ్ల దగ్గరికి రాదు, పడవే బండ దగ్గరికి పోతుంది.

సంఘ ఆరాధన కూడా దీన్ని దాచుకుంది. క్రిసోస్తొం అనే బిషప్ పేరుతో నేటికీ ఆర్థడాక్స్ సంఘాల్లో నడిచే ఆరాధనక్రమంలో, రొట్టె, ద్రాక్షారసం ముందు చేసే ప్రార్థన మొదట్లోనే నాలుగు ‘కాదు’లు వస్తాయి: నీవు చెప్పనలవికానివాడవు, ఊహకందనివాడవు, కనబడనివాడవు, గ్రహించరానివాడవు. ఆ వెంటనే, నీవే మమ్మల్ని లేమిలోనుంచి ఉనికిలోకి తెచ్చావు అని కృతజ్ఞత చెప్తారు. ఒకే ఊపిరిలో కాదనడం, అవుననడం రెండూ ఉన్నాయి. నాలుగు ‘కాదు’లు ‘నీవు’ అన్న మాటకు తగిలించి ఉన్నాయన్నది గమనించండి.

గ్రీకువాళ్లే కాదు, సిరియా వైపు ఎఫ్రేము అనే కవి (క్రీ.శ. 373లో మరణించాడు) ఇదే సంగతిని పాటల్లో చెప్పాడు. మన దేశంలో కేరళ సురియాని సంఘాల ప్రార్థనల్లో ఆయన పేరు, ఆయన పేరున్న పాటలు నేటికీ వినబడతాయి. ఆయన పోలిక మనకు బాగా ఎక్కుతుంది. చిలకకు మాటలు నేర్పేవాడు అద్దం వెనక దాక్కుని మాట్లాడతాడట. చిలక అద్దంలో తన బొమ్మ చూసి, తనలాంటి చిలకే మాట్లాడుతోందనుకుని నేర్చుకుంటుంది. దేవుడు కూడా మన భాషలోని పేర్లను అలా తొడుక్కున్నాడు. ఆ పేర్లు అబద్ధం కాదు, అవి లేకపోతే నేర్చుకోవడమే లేదు. కానీ అద్దంలో ఉన్న చిలకే గురువు అనుకోకూడదు.

‘నేతి నేతి’ సంగతి. బృహదారణ్యక ఉపనిషత్తులో (2.3.6) ఉన్న ఆ మాటకూ దీనికీ పద్ధతిలో పోలిక ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అయితే ఈ క్రైస్తవ రచయితలు పక్కన పెట్టుకుని రాసిన గ్రంథాలు ప్లేటో ‘పార్మెనిడెస్’, అలెగ్జాండ్రియా యూదు పండితుడు ఫిలో రచనలు, నిర్గమకాండము. మోషే చీకట్లోకి వెళ్లడాన్ని వీళ్లకంటే ముందే ఫిలో ఈ అర్థంలో చదివాడు. వీళ్లమీద ప్రభావం చూపిన తత్త్వవేత్త ప్లొటినస్ భారతీయుల తత్త్వం నేర్చుకోవాలని 243లో గోర్డియన్ చక్రవర్తి సైన్యంతో తూర్పుకు బయల్దేరాడు, కానీ మరుసటి ఏడు చక్రవర్తి చనిపోవడంతో మెసపొటేమియా నుంచే వెనుదిరిగాడు.

చేరే చోటు దగ్గర దారులు విడిపోతాయి. అద్వైతం చదివే తీరులో అన్నీ తీసేశాక మిగిలేది నీవే అయిన ఆత్మ. ఇక్కడ ఎంత కలిసినా సృష్టించినవాడు సృష్టించినవాడే, సృష్టి సృష్టే. కలవడం ఆయన కృప వల్ల జరుగుతుంది, నడక మాత్రం ఆగదు. రెంటినీ ఒకటే అనేస్తే రెండిటికీ అన్యాయం చేసినట్టే.

చదవాలనుకుంటే నా సలహా ఈ వరస. ముందు నిర్గమకాండము 3, 19, 20, 24, 33 అధ్యాయాలు తెలుగులోనే ఒకేసారి చదివేయండి. తర్వాత గ్రెగొరీ ‘మోషే జీవితం’ రెండో భాగం. ముద్రిత ప్రతుల్లో పేరాలకు అంకెలుంటాయి, తొందరగా ఉంటే 162 నుంచి 255 దాకా చదివినా చాలు. తర్వాత ఎవాగ్రియస్ ‘ప్రార్థన గురించి’, రోజుకు ఐదారు పేరాలకు మించకుండా. గబగబా చదివితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాసియన్ సంభాషణల్లో 9, 10. ఆ తర్వాత ‘దివ్య నామాలు’ 1 నుంచి 4, 7. అప్పుడు ‘మార్మిక దైవశాస్త్రం’ మొదటినుంచి చివరిదాకా ఒకే విడతలో చదవండి, అరగంట పట్టదు. దానితోపాటు ఆయన మొదటి ఉత్తరం కూడా చూడండి, నాలుగైదు వాక్యాలే. దేవుణ్ణి చూసి, చూసింది నాకు అర్థమైందని ఎవరైనా అంటే, అతను చూసింది దేవుణ్ణి కాదు, ఆయనకు చెందిన మరేదో అని అందులో ఉంటుంది.